నీతి గదిలో తేదీ స్టాంపు

“కొడతావా, కొట్టవా?” తేదీల స్టాంపును బల్లమీద ఠపీమని పెట్టాడు రిజిస్ట్రారు వెంకటాచలం.

ఇంద్రజకు ఒళ్లు మండిపోయింది. మైలాపూరులోని ఆ యూనివర్సిటీ లైబ్రరీలో నీతిశాస్త్రం గది ఆమె అజమాయిషీలో ఉంది. గదినిండా నీతి పుస్తకాలే, చదివే నాథుడే లేడు. పుస్తకం ఎవరైనా తీసుకెళ్తే చివర అంటించిన చీటీ మీద తేదీ పడాలి. ఈ గదిలో మాత్రం చీటీలన్నీ తెల్లగా మెరిసిపోతున్నాయి. రేపే తనిఖీ. ఎవరూ చదవడం లేదని తేలితే గ్రాంటు ఆగిపోతుంది.

“దొంగ తేదీలు వెయ్యమంటారా సార్? అదీ నీతి పుస్తకాల్లో?”

“సుమ్మా ఊరికే వాదించొద్దమ్మా. అన్ని చోట్లా చేస్తా ఉండేదే ఇది. నీ పర్మనెంటు ఫైలు ఆడ నా టేబుల్ మీదే ఉండాది, తెలుసు గదా?”

తెలియకేం! ఏ పని కావాలన్నా ఆ ఫైలునే ఆమె నెత్తిమీద వేలాడదీస్తాడు. సభల్లో శ్రీరంగనీతులు చెప్పేదీ ఈయనే. ఇంద్రజ పళ్లు కొరుక్కుంటూ స్టాంపు అందుకుంది.

ఆయన వెళ్లాక స్టాంపు అంకెలు తిప్పుతుంటే ఒక ఆలోచన తట్టింది. కొట్టమన్నాడు సరే, ఏ తేదీలు కొట్టాలో చెప్పలేదుగా! క్యాలెండరు ముందు పెట్టుకుని ఆదివారాలు, పొంగలు, దీపావళి, ఇలా లైబ్రరీకి తాళం పడే రోజులే ఏరి ఏరి కొట్టింది. కళ్లున్నవాడెవడైనా పట్టేస్తాడు. ఉద్యోగం పోతే పోయింది, ఈయన బండారం బయటపడితే చాలనుకుంది.

మర్నాడు తనిఖీకి కోయంబత్తూరు యూనివర్సిటీ నుంచి భక్తవత్సలం అనే ప్రొఫెసరు వచ్చాడు. ఆయనా తెలుగువాడే. ఒక పుస్తకం చివరి పేజీ తిప్పాడు. ఇంకోటి తీశాడు. మరోటి. కళ్లద్దాలు సర్దుకున్నాడు.

“పొంగల్ రోజు ఈడ లైబ్రరీ తీస్తారా అమ్మా?”

“తియ్యం సార్,” అంది ఇంద్రజ, గదంతా వినిపించేలా.

“ఆదివారం?”

“తాళమే సార్.”

ప్రొఫెసరు వెంట వచ్చిన వెంకటాచలం మొహంలో నెత్తురు చుక్క లేదు. కొరకొరా ఆమెకేసి చూశాడు.

“మీరు కొంచెం బయట ఉండండి సార్. ఈమెతో మాట్లాడాల,” అన్నాడు ప్రొఫెసరు.

తలుపు మూసుకుంది. ఇన్నాళ్లకు నీతి గదిలోకి నీతి ఉన్న మనిషి వచ్చాడని ఇంద్రజకు ఏడుపొచ్చినంత పనైంది.

“కావాలనే అట్ల కొట్టినాను సార్. ఆయన బలవంతం చేసినాడు. మీరు పట్టుకుంటారనే నా ఆశ. ఒక్క పనిదినం పడకుండా రాత్రంతా చూసి చూసి కొట్టినాను.”

“ఒక్కటి గూడా పడలేదా?”

“లేదు సార్. కావాలంటే చూసుకోండి.”

భక్తవత్సలం మరో నాలుగు పుస్తకాలు తిప్పి చూశాడు. మెచ్చుకోలుగా తలాడించి, కుర్చీ దగ్గరకు లాక్కుని గొంతు తగ్గించాడు.

“వచ్చే నెల మాకూ తనిఖీ ఉండాదమ్మా. మావాళ్లు కొడితే సెలవు రోజులు గూడా పడిపోతా ఉండాయి. క్యాలెండరు ఇంత జాగ్రత్తగా చూసి కొట్టే మనిషి మాకు దొరకలా. పర్మనెంటు చేయిస్తాను, మా నీతిశాస్త్రం గదికి వస్తావా?”