ఆరాక చెబుతా

పెయింటర్ సిలార్ హాలు గోడ మీద పక్కపక్కనే మూడు తెలుపులు పూసి చూపించాడు. ఒకటి పాలతెలుపు, ఒకటి మల్లెతెలుపు, మూడోది చౌకరకం డిస్టెంపర్. గోడంతా ఉండగా పాత నూనె మరక మీదే పుయ్యమంది కోటిరత్నం.

"మూడూ ఒకలాగే ఉన్నాయమ్మా. ఏదో ఒకటి చెప్పండి. ఈ మరక పోవాలనేగా మీ అబ్బాయి రంగులేయిస్తోంది."

"ఆరనీ సిలారూ. ఆరాక చెబుతా."

మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే మాట. తెలుపు కోసం ఇంత చాదస్తమేంటని లోపల విసుక్కున్నాడు సిలార్.

శుక్రవారం పొద్దున అతను వచ్చేసరికి ఆమె ఆ గోడ ముందు నేల మీద కూర్చుని ఉంది. మొదటి రెండు తెలుపులూ శుభ్రంగా ఆరాయి. మూడోదాంట్లోంచి మాత్రం మరక మళ్లీ పసుప్పచ్చగా, భుజం ఆకారంలో పైకి తేలింది.

"ఇది పనికిరాదమ్మా. ఎన్ని కోట్లేసినా ఆ జిడ్డు బయటికొస్తూనే ఉంటది."

"ఎన్నాళ్లయినా వస్తదా?"

"వస్తదమ్మా."

"అయితే ఈ గోడకి అదే వెయ్యి."

కోటిరత్నం అరచేయి ఆ మరక మీద పెట్టింది.

"రోజూ మిర్చి యార్డు నుంచి వచ్చి, ఒళ్లు మంటకి కొబ్బరినూనె రాసుకుని, ఇక్కడే చేరగిలబడేవాడు మా ఆయన. దండేసిన ఫొటోలో మొహమే ఉందయ్యా. ఆ వీపు ఇక్కడ తప్ప ఇంకెక్కడా లేదు."