పదకొండో నంబరు

హాజరు పిలుస్తూ ఈశ్వరి పేరు దగ్గర జగన్నాధం ఒక్క క్షణం ఆగాడు. పేరు చదవలేదు.

"పదకొండో నంబరు."

"ఉన్నానండి" అంది ఈశ్వరి.

వరి నాట్ల యంత్రం నడపడంలో పది రోజుల శిక్షణ అది. శ్రీకాకుళం పక్కన కేంద్రం. పదకొండు మంది ఆడవాళ్లు. అక్కడే ఉండి నేర్చుకోవాలి. ఈశ్వరిది కళింగపట్నం. సముద్రంలోకి చేపల వేటకెళ్లిన భర్త తిరిగి రాక ఏడాదైంది. ఊళ్లో మహిళా సంఘం యంత్రం కొంటోంది. శిక్షణ పత్రం తెచ్చుకుంటే దాన్ని నడిపే పని ఆమెకే ఇస్తామన్నారు.

మిగతా పది మందినీ జగన్నాధం "అమ్మా" అని పిలిచేవాడు. గట్టు దగ్గర యంత్రం తిప్పలేకపోతే తనూ ఓ చెయ్యి వేసేవాడు. ఈశ్వరి వంతు వస్తే మాత్రం దూరంగా నిలబడేవాడు.

"వరస వంకర. మళ్లీ."

మళ్లీ నడిపేది. ఇంకా వంకరే అనేవాడు.

"ఏటే, సారుకి నీ మీద అంత కోపం?" అంది శ్రీకూర్మం నుంచి వచ్చిన బుల్లమ్మ.

"ఉండనీలే అప్పా."

సాయంత్రాలు అందరూ ఫోన్లలో పిల్లలతో మాట్లాడుకునేవారు. ఈశ్వరికి ఫోను చేసేవాళ్లు లేరు. మెట్ల మీద కూర్చుని కాళ్లకు ఎండిన బురద గోక్కునేది.

ఎనిమిదో రోజు, నారు అందుకుని నాటే ఇనప వేళ్ల మధ్య రాయి ఇరుక్కుంది. తీద్దామని ఈశ్వరి చెయ్యి పెట్టబోయింది. ఇంజను ఆపలేదు.

జగన్నాధం బూట్లతోనే బురదలోకి దూకాడు. ఇంజను ఆపేశాడు.

"సెయ్యి తెగిపోతాదే! ఎన్నిసార్లు సెప్పాలే నీకు?"

ఆమె తలెత్తేలోపే గట్టెక్కి వెళ్లిపోయాడు. ఆ రోజు ఇక పాఠం చెప్పలేదు.

పదో రోజు పరీక్ష. అర ఎకరం మడి ఈశ్వరి ఒక్కతే నాటింది. వరసలు తాడు పట్టి లాగినట్టు వచ్చాయి. జగన్నాధం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచి చూశాడు. మార్కులు వేసుకున్నాడు.

సాయంత్రం పత్రాలు గుమాస్తా పంచాడు. జగన్నాధం రాలేదు. రాత మాత్రం ఆయనదే.

ఈశ్వరి తన పత్రం చదువుకుంది. ఉత్తీర్ణత, మొదటి స్థానం. భర్త పేరు దగ్గర గంగులు అని ఉంది.

దాని కింద, తండ్రి పేరు అన్న చోట, ఆరేళ్ల క్రితం ఆ పెళ్లి నాడు "నాకు కూతురే లేదు" అని తలుపేసుకున్న జగన్నాధం తన పేరు రాశాడు.