సైకిల్ బెల్లు

పైగదిలో మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి, అంచులు పరుపు కిందికి దోపుతుండగా మేస్త్రి జేబులో సైకిల్ బెల్లు మోగింది.

దోపడం ఆపేశాడు. ఫోను తీసి చూడక్కర్లేదు. గదులు అద్దెకిప్పించే ఆ సైటువాళ్లు ఒక్కో కబురుకి ఒక్కో చప్పుడు పెట్టారు. సైకిల్ బెల్లంటే రద్దు.

కారణమేం రాశారో చూసుకుని, మోకాలు పట్టుకుని మెట్లు దిగాడు. దండెం మీది బట్టలు తీసుకుని కూతురు పెరట్లోంచి వస్తోంది. పనులు చక్కబెట్టడానికి వారం వారం వస్తుంది.

"ఎవరు నాన్నా ఈసారి?"

"ప్రొఫెసరు. జ్వరమట."

"అంతకుముందు కొత్త దంపతులకి?"

"విరేచనాలు. నా గది పేరు చెబితేనే జనానికి రోగాలొస్తున్నాయి. గది చూసి పారిపోయినా ఒక అందం. చూడకుండానే పారిపోతున్నారు."

కూతురు నవ్వలేదు. బట్టలు మడత పెట్టుకుంటూ, "వానలొచ్చేలోగా అన్నాం, గుర్తుందిగా," అంది.

గుర్తుండకేం. భార్య పోయాక ఇల్లు అమ్మేసి తమ ఫ్లాటుకి వచ్చెయ్యమని కూతురు పోరు పెట్టింది. వడ్రంగి మేస్త్రి ససేమిరా అన్నాడు. కింద తన పని షెడ్డుంది. పైన ఆవిడ ముచ్చటపడి వేయించుకున్న గది ఉంది. ఆ గదిలో మంచం ఒక్క మేకు లేకుండా బిగించింది తను, కిటికీలకి కర్టెన్లు కుట్టింది ఆవిడ. మాటా మాటా పెరిగి చివరికి ఒప్పందానికొచ్చారు. పైగదిని అద్దెకి పెట్టాలి. వానలు పడేలోగా ఒక్కరంటే ఒక్కరు వచ్చి ఆ మంచం మీద పడుకుంటే కూతురు ఇక అమ్మకం మాట ఎత్తదు. రాకపోతే ఆయన నోరెత్తకుండా బయల్దేరాలి.

గది ఫొటోలు తీసి సైట్లో పెట్టింది కూతురే. దిగే రోజు పొద్దుటిదాకా పైసా కట్టకుండా రద్దు చేసుకోవచ్చని రాసిందీ తనే. అలా రాస్తేనే జనం ధైర్యంగా బుక్ చేస్తారంది. నిజమే, ఎగబడి చేశారు. క్యాలెండర్లో ఒక్క తేదీ ఖాళీ లేదు. గదిలో ఒక్క మనిషి లేడు.

"నీ ఫోన్లో కూడా పెట్టుకోవే ఆ సైటేదో. నాకా అక్షరాలు ఆనవు," అన్నాడు మేస్త్రి.

"గది నీది. నా ఫోన్లో ఎందుకు నాన్నా?"

మళ్లీ వారం మందుల కంపెనీ మనిషి ఒకడు గేటు దగ్గరికొచ్చాడు. భుజాన సంచి, మొహం నిండా దుమ్ము.

"మేస్త్రిగారు మీరేనా? మీ గది ఎప్పుడు చూసినా నిండే ఉంటోంది. అందుకే నేరుగా వచ్చా. నాలుగు రోజులుంటాను."

మేస్త్రి గేటు సగం తెరిచి ఆగాడు. "ఇవాళ వేరేవాళ్లు వస్తున్నారు బాబూ. ఎవరో అక్కచెల్లెళ్లు."

"వాళ్లని క్యాన్సిల్ కొట్టెయ్యండి. వాళ్ల ఫోన్లో బెల్లు మోగుతుంది, అంతేగా."

"మోగితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. మాటిచ్చాను."

"మాటేంటండీ, ఫోన్లో నొక్కారు. మిమ్మల్ని బాగుచేయడం ఎవరి తరమూ కాదు," అని అతను సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

మేస్త్రి గేటు మూసి అరుగెక్కాడో లేదో, సైకిల్ బెల్లు మోగింది.

వీధిలోకి పరుగెత్తాడు. మోకాలు మలుపు దాకా రానిచ్చింది, ఆపైన మొరాయించింది. బస్సు కదిలిపోతోంది. కిటికీలో భుజం సంచి కనిపించింది. చెయ్యెత్తాడు. ఎవరూ చూడలేదు.

ఇంటికొచ్చాక ఫోను ముక్కుకి ఆనించుకుని చదివాడు. 'రాలేకపోతున్నాం. ఆ మోకాలితో మెట్లెక్కి గది సర్ది ఉంటారు. ఏమీ అనుకోవద్దు.'

ఆ వారం కూతురొచ్చినప్పుడు అది చదివి వినిపించాడు. "వీళ్లెవరో గాని మనసున్నవాళ్లు."

కూతురు కూరగాయలు తరుగుతోంది. తలెత్తలేదు.

వానలు పడ్డాయి. పైగది ముందు మెట్టు మీద నీళ్లు నిలిచాయి, తొక్కేవాడు లేక. ఇల్లు ఒక ఫర్నిచర్ షాపు ఆసామి కొన్నాడు. పని షెడ్డు పడగొట్టి గోడౌను కడతాడట. పనిముట్లు తూకానికి పోయాయి. రంపం చప్పుడైతే ఫ్లాట్లవాళ్లు ఊరుకోరని కూతురు ముందే చెప్పింది. మంచం గదిలోనే బిగించింది కనక గుమ్మంలోంచి పట్టలేదు. అదీ ఇంటితోపాటే పోయింది.

బయల్దేరే రోజు మేస్త్రి చివరిసారి పైకెక్కాడు. వెనకే కూతురొచ్చి హ్యాండ్‌బ్యాగు మంచం మీద పెట్టి, కర్టెన్లు విప్పసాగింది.

"అమ్మాయ్, శుక్రవారానికి ఎవరో నర్సమ్మ బుక్ చేసింది. ఆవిడొక్కతే ఇంకా క్యాన్సిల్ చెయ్యలేదు. ఆగుదామా?"

"సంతకాలైపోయాయి నాన్నా."

"అది కాదే. పాపం పెట్టె పట్టుకుని వచ్చి గేటు దగ్గర నిలబడితే?"

"రాదులే."

"నీకెలా తెలుసు?"

"ఇన్నాళ్లూ ఎవరొచ్చారు గనక?" అంటూ కర్టెన్లు చంకన పెట్టుకుని, వ్యానువాడికి చెప్పాలని కిందికి దిగిపోయింది.

నర్సమ్మ కోసం పరిచిన దుప్పటి మీద, ముడత పడకుండా ఒక అంచున కూర్చున్నాడు మేస్త్రి. ఒప్పుకున్న పని వదిలెయ్యడం ఆయన ఇంటా వంటా లేదు. కానీ వానలో మూసిన గేటు ముందు ఒక ఆడమనిషిని నిలబెట్టడం అంతకన్నా తప్పు. రద్దు నొక్కాడు.

'నిజంగానే రద్దు చేయాలా?' అని ఫోను అడిగింది. ఆ మాత్రం మనుషులెవరూ అడగలేదు.

మళ్లీ నొక్కాడు.

కూతురి హ్యాండ్‌బ్యాగులో సైకిల్ బెల్లు మోగింది.