కొండలో మిగిలిన సగం

ఆ గని మూతపడింది రాళ్ళాయన వల్లే. అందులో వాదనకు తావు లేదు.

వాదించే మనిషి ఒకప్పుడు ఇంట్లో ఉండేది. భార్య పోయాక ముసలాయనకు ఎదురు చెప్పేవాళ్ళే లేరు. ఇప్పుడు వినడానికి మిగిలింది టీకొట్టువాడు.

"సగం కొండే తవ్వాం. ఆ రాళ్ళాయనొచ్చి, ఇంతకు మించి తవ్వొద్దని హద్దురాళ్ళు పాతాడు. పట్నంలో ఉండే కంట్రాక్టరు ఆఫీసర్ల చేతులు తడిపి అవి పీకించాడు. వీడు మళ్ళీ పాతి, కోర్టుకెక్కాడు. మా నోటి దగ్గర కూడు లాగేశాడు."

"వాడికేం లాభం తాతా?"

"పోటీ కంపెనీ ఏదో మేపుంటుంది. ఊరికే ఎవడు చేస్తాడురా?"

ఎంత తిట్టినా ఆ రోజులే రోజులు. డ్రిల్లింగు ముగించి, ఒళ్ళంతా ఎర్రదుమ్ముతో ఇంటికొస్తే భార్య గుమ్మంలోనే ఆపేసేది.

"ఎవరు బాబూ మీరు? మా ఆయన ఇంట్లో లేరు."

రాళ్ళాయన వాళ్ళ వెనకగదిలోనే అద్దెకుండేవాడు.

"తవ్వితేనేగా దేశం బాగుపడేది?" అని ముసలాయన ఒకసారి అతన్ని నిలదీశాడు.

"దేశం రేపు కూడా ఉంటుందిగా అన్నా. దానికీ కొంచెం ఉంచుదాం."

గనికి తాళం పడిన రోజు అతని పెట్టె, పరుపు వీధిలోకి విసిరేశాడు. భార్య వెళ్ళి దుమ్ము దులిపి ఇచ్చింది.

"ఆయనది లంచం తినే మొహం కాదండీ."

"మొహం మీద రాసుంటుందా?"

ఆ తర్వాత చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ రోజులు ఇప్పుడు కావాలన్నా దొరకవు.

టీకొట్టు ముందు కారు ఆగింది. నడివయసు ఆవిడ దిగింది.

"బాబాయ్, పాత గనికి దారెటు?"

"అక్కడేముందమ్మా, హద్దురాళ్ళు తప్ప?"

"అవే చూడాలి. మా అన్నయ్య పాతినవి. మొన్ననే పోయాడు."

ముసలాయన గ్లాసు కింద పెట్టాడు.

"మీ అన్నకు బాగానే ముట్టి ఉంటుందిలే."

ఆవిడకు కోపం రాలేదు.

"ముట్టడమా! కొండంతా తవ్వితే మీ ఊరి ఊట ఎండిపోతుందని కోర్టుకెళ్ళాడు. ఇంట్లోంచి గెంటేశారు. చచ్చేదాకా అద్దె గదుల్లోనే బతికాడు."

"ఎవరు గెంటారు?"

"మా నాన్న. ఆ కంట్రాక్టరు మా నాన్నే బాబాయ్."

ముసలాయన చేయెత్తి దారి చూపించాడు. కారు వెళ్ళిపోయింది.

"అయితే రాళ్ళాయన..." అన్నాడు టీకొట్టువాడు.

"ఇక ఆ ఊసెత్తకు. చెప్పాల్సిన మనిషికి చెప్పలేను. మిగతావాళ్ళకు చెప్పను."