వీధి వెతికినది

ఆదివారం పొద్దున్నే చెక్కావారి వీధి మొగలో బోర్డు వెలుగుతుంది. ఆ వారం వీధిలోవాళ్లు ఫోన్లలో దేన్ని ఎక్కువగా వెతికారో అందులో పడుతుంది. ఎవరు వెతికారన్నది మాత్రం పడదు. కాకినాడలో వీధికొక బోర్డు. దాని ముందు నిలబడి కాసేపు వాదించుకోనిదే జనానికి టిఫిను దిగదు.

ఆకుకూరల నూకరత్నానికి ఆ ఆదివారం అటు వెళ్లబుద్ధి కాలేదు. కూరలన్నీ డ్రోన్లలో కిటికీల దగ్గరికే ఎగిరొచ్చి వాలుతున్న ఈ రోజుల్లో, ఇంకా బండి తోసుకుంటూ కేకేసేది ఆమె ఒక్కతే. ఆ గొంతు కాస్తా సోమవారం పూర్తిగా పోయింది. పీడ విరగడైందని అందరూ సంబరపడుతూ ఉంటారనుకుంది. మేడమీది అనసూయమ్మగారైతే పొద్దున్నే నిద్ర చెడగొడుతోందని రోజూ తిట్టేవారు మరి.

బండి నిలిపే చోటు అదే కనక వెళ్లక తప్పలేదు. బోర్డులో క్రికెట్ ఫైనలు రెండోది, సినిమా హీరో పెళ్లి మూడోది. అన్నిటికన్నా పైన ఉన్నది: "గొంతు పోతే ఏం తాగాలి?"

వెనక్కి తిరిగేసరికి వీధి వీధంతా గ్లాసులతో నిలబడి ఉంది. మిరియాల పాలు, అల్లం కషాయం, తులసి నీళ్లు. అందరికన్నా పెద్ద గ్లాసు అనసూయమ్మగారిది.

"తాగవే తల్లీ! నీ కేక లేక వారం నుంచీ నాకు మెలకువే రావట్లేదు," అన్నారావిడ.

నూకరత్నం ఏ గ్లాసూ కాదనలేదు. రెండు రోజులకల్లా "తోటకూరోయ్!" అన్న కేక వీధి చివరిదాకా మోగింది.

మరుసటి ఆదివారం బోర్డు చూసి అందరికన్నా గట్టిగా నవ్విందీ ఆమే. అన్నిటికన్నా పైన ఉన్నది: "చెవుల్లో పెట్టుకునే దూది ఎక్కడ దొరుకుతుంది?"