పసుపు బిళ్లలు

దండాసి మళ్లీ తడికాళ్లతో లోపలికొచ్చాడు.

అది యాంగాన్‌లో అహ్లోన్ రేవు పక్కనున్న చేపల సర్వే ఆఫీసు. సత్యశ్రీ తల ఎత్తలేదు.

ముసలివాడు మూడు పసుపు బిళ్లలు బల్ల మీద పెట్టాడు. ఒక్కోదానికి ఒక నైలాన్ దారం కట్టి ఉంది. రాయడం రాదు కనక, చేప ఎంత పొడవుంటే అంత దారం తెంపి తెస్తాడు.

సత్యశ్రీ పని ఆ బిళ్లలతోనే. పండుగప్పలను పట్టి, వీపుకు బిళ్ల గుచ్చి, పోటు వేళ యాంగాన్ నదిలో వదులుతారు. మళ్లీ ఎవరి వలలోనైనా పడితే బిళ్ల ఆఫీసుకు రావాలి. ఎన్ని తిరిగొస్తే నదిలో చేపలు అంత బతికున్నట్టు అంచనా కడతారు.

"ఈ ఏడు ఏరు బాగున్నాది తల్లీ," అన్నాడు దండాసి.

కాగితాలు తడుస్తున్నాయని, ఇకనుంచి బయట డబ్బాలో వేసి పొమ్మని చెప్పింది. ఆమె గొంతులో కోపం కూడా లేదు. తోటివాళ్లు ఒక్కొక్కరే దేశం దాటి వెళ్లిపోయాక, ఆమెకు దేనికీ ఏమీ అనిపించడం ఆగిపోయింది.

దండాసి తలూపి వెళ్లాడు.

డబ్బాలో వారానికి పది పన్నెండు బిళ్లలు పడేవి. అన్నిటికీ దారాలుండేవి. పడవలవాళ్లంతా అలా నేర్చుకున్నారనుకుంది. ఎవరు వేసి పోతున్నారో ఎప్పుడూ తొంగి చూడలేదు.

వానలు మొదలయ్యాయి. దండాసి జ్వరంతో పోయాడని టీ దుకాణంలో ఎవరో అన్నారు. అలాగా అని, టీ తాగి లేచింది.

తరవాత నాలుగు నెలలు ఒక్క బిళ్లా రాలేదు. గ్రాఫులో గీత అడుగుకు దిగింది. నదిలో పండుగప్ప అయిపోవచ్చిందని రాసి పంపింది. రెండేళ్లు వలలు వేయకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రేవులో అంటించడానికి తనే తీసుకెళ్లింది.

రేవులో వీరలక్ష్మి చేపలు అమ్ముతోంది. బుట్ట నిండా పండుగప్పలే. నాలుగింటి వీపున పసుపు బిళ్లలు.

సత్యశ్రీ వంగి ఒక బిళ్లను తిప్పి చూసింది.

"ఇవి ఆఫీసుకెందుకు పంపలేదు?"

"ఎవులట్టుకెళ్తారు అమ్మగోరూ? దండాసి మావ లేడు గదా."

"ఆయనది ఒక్క పడవే కదా. మిగతావాళ్లు?"

వీరలక్ష్మి ఆమె చేతిలోని కాగితం వంక చూసింది. అందులో ఏముందో రేవంతటికీ అప్పటికే తెలుసు.

"మావకి పడవేటి, వలేటి? ఓడల కాడ బస్తాలు మోసీవోడు," అంది మెల్లగా. "బిళ్లలు తగ్గితే మన వలలు ఆపించీస్తారర్రా అని అందర్నీ బతిమాలి, తాకేటా దాకా రేవు రేవుకీ నడిచి, ముప్పై పడవల బిళ్లలూ ఆయనొక్కడే ఏరుకొచ్చీవోడు."