పదకొండు ఇళ్ల తాళంచెవులు

“నా తాళంచెవి నాకిచ్చెయ్, అమ్మాయ్,” అంది మేడమీద ఒంటరిగా ఉండే కుట్టుపని పిన్ని.

మనవరాలు రేకుపెట్టె మూత మీంచి చెయ్యి తియ్యలేదు. తాళాలు బాగుచేసే తాత పోయి వారమైంది. ఆయన కొట్టు సర్దుతుంటే ఈ పెట్టె బయటపడింది. లోపల ఎవరిదేదో చీటీలు కట్టిన, వీధిలోని పదకొండు ఇళ్ల మారు తాళంచెవులు! అప్పట్నుంచి ఆమెకు ఒకటే అనుమానం. తనను భుజాల మీద మోసి పెంచిన మనిషి దొంగా?

“నీ ఇంటి తాళంచెవి మా తాత దగ్గరెందుకుంది?”

“నేనే ఇచ్చా.”

“పోయినవాడి పరువు కోసం అబద్ధాలాడకు పిన్నీ!”

“నోర్ముయ్యవే! నాకు మూర్ఛలొస్తాయని నీకు తెలీదూ? పొద్దున్నే నా మిషన్ చప్పుడు వినపడకపోతే చాలు, పరిగెత్తుకొచ్చి తలుపు తీసేవాడు. రెండుసార్లు బతికించాడు. ఈ పదకొండు ఇళ్లలోనూ ఒంటరివాళ్లమే. ఇక వినేవాడే లేనప్పుడు తాళంచెవి ఇక్కడెందుకు?”

మనవరాలు పెట్టె తెరిచి, వెతికి పిన్ని తాళంచెవి తీసింది. పిన్ని చెయ్యి చాచింది. మనవరాలు మాత్రం ఆ తాళంచెవిని తాత కూర్చునే బల్ల పక్కన, చేతికందే మేకుకు తగిలించింది.

“రోజూ మిషన్ ఎన్నింటికి మొదలెడతావు పిన్నీ?”